ఈగపులి ఒప్పుకుందా

మా పరుపుల కొట్టు గోడకు సున్నం వేసి ఎన్నేళ్ళయిందో నాన్నకే గుర్తులేదు. గుంటూరు నుంచి ఒంగోలు వెళ్ళే దారిలో పత్తి లారీలు ఆగే ఊరు మాది. మేము దూది ఏకేవాళ్ళం. తాతలు విల్లు పట్టి ఏకారు, నాన్న యంత్రం పెట్టాడు. యంత్రం తిరిగినంతసేపూ నూగు లేచి గోడ నిండా అంటుకునేది. పక్కనే టీ బంకు ఉండడంతో ఈగలకు కొదవ లేదు. ఈగలున్న చోటికి ఈగపులి రాకుండా ఉంటుందా, అదీ వచ్చేది.

ఈగపులి అంటే గూడు అల్లుకుని మధ్యలో కూర్చునే సాలీడు కాదు. గోడ మీదే తిరుగుతుంది. నాలుగడుగులు వేస్తుంది, ఆగుతుంది, అటు తిరిగి చూస్తుంది, ఇటు తిరిగి చూస్తుంది. ఈగ కనబడితే మెల్లగా పాకి పాకి ఉన్నట్టుండి దూకుతుంది. మనం వేలు చూపిస్తే వేలు వంకే చూస్తుంది. దాని ఎనిమిది కళ్ళల్లో ముందున్న రెండూ ఆ ఒంటికి మరీ పెద్దవి. బడి నుంచి వచ్చి దూది మూట మీద బోర్లా పడుకుని ఆ గోడ చూడడమే చిన్నప్పుడు నాకు టీవీ. అమ్మ చీపురు తెస్తే నాయనమ్మ ఊరుకునేది కాదు.

"దాన్ని కొట్టమాక. గుహ ముందు గూడు కట్టి, లోపల దాక్కున్న ప్రవక్తను శత్రువుల నుంచి కాపాడిన జాతి అది," అనేది.

"ఇది గూడు కట్టదు నాయనమ్మా," అనేదాన్ని నేను.

"కట్టేదాని చుట్టమేగా! చుట్టాన్ని కొడితే అది ఊరుకుంటదా?"

ఆ గోడ మీదే ఒక మధ్యాహ్నం మగదాని ఆట మొదటిసారి చూశాను. ఒంటి మీద నల్లటి, తెల్లటి చారలున్న ఈగపులి ఒకటి, బూడిద రంగు దానికి బెత్తెడు దూరంలో నిలబడింది. ముందు కాళ్ళు రెండూ పైకెత్తింది. అటు రెండడుగులు, ఇటు రెండడుగులు, ప్రతిసారీ కాస్త ముందుకు. వెనక భాగం సన్నగా వణుకుతోంది. బూడిద రంగుది కదలకుండా చూస్తోంది. దొంగ పోలీసుకు చేతులెత్తాడనుకున్నాను నేను. "నాన్నా, ఇది లొంగిపోయింది," అని అరిచాను. నాన్న కుడుతున్న సూది ఆపి గోడ వంక చూసి, "లొంగిపోవడమేంటే పిచ్చిదానా, అది పెళ్ళికొడుకు," అన్నాడు. ఊళ్ళో సగం పెళ్ళి పరుపులు ఆయన కుట్టినవే. ఆ సంగతులు ఆయనకు తెలియకపోతే ఎవరికి తెలుస్తాయి?

పెద్దయ్యాక జువాలజీ చదివి డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరరునయ్యాను. పరిశోధనకు చేరినప్పుడు నా తోటివాళ్ళంతా రొయ్యలో, చేపలో పట్టుకున్నారు. మా వైపు వాటికే విలువ. నేను ఈగపులులనేసరికి మా గైడు మేడం కళ్ళజోడు తీసి మరీ నన్ను చూశారు.

"వాటిల్లో ఏం చూస్తావు?"

"ఆడది మగదాన్ని ఎట్లా ఎంచుకుంటుందో చూస్తానండి."

"ఓపికుంటే చూడు మరి," అన్నారు.

ఓపిక నాకు లేదు. కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంటిల్లిపాదీ అంటారు. కానీ ఈగపులుల ముందు కూర్చుంటే ఆ ఓపిక ఎక్కడి నుంచో వచ్చేది. జంతువుల్లో చాలావాటిల్లో సింగారించుకుని వచ్చేది మగది, ఎంచుకునేది ఆడది. గుడ్లు పెట్టాలి, వాటిని కాపలా కాయాలి. ఆ బరువు తనది కాబట్టి ఆడది తొందరపడదు. ఈగపులుల్లో ఇంకో చిక్కుంది, ఆడదాని ఆకలి. మగది నచ్చకపోతే మొహం తిప్పుకుని పోవచ్చు, తరమవచ్చు, తినేయనూ వచ్చు. అందుకని మగది దూరం నుంచే నేను ఈగను కాదు, నీ జాతివాణ్ణని చెప్పుకుంటూ రావాలి. ఆ కాళ్ళెత్తడం, ఆ చారలు చూపడం, ఆ వణుకు అన్నీ అందుకే. నచ్చినవాటికి పిల్లలు పుట్టారు, నచ్చనివి అంతటితో ఆగిపోయాయి. తరతరాలుగా ఆడదాని చూపే మగదానికి ఆ చారలు దిద్దుకుంటూ వచ్చింది. ఈ పాఠం చెప్పిన రోజు నా క్లాసులో మగపిల్లలు చేతులు కట్టుకుని బుద్ధిగా కూర్చునేవారు.

ఒకసారి జతకట్టిన ఆడది మామూలుగా ఇంకో మగదాన్ని దగ్గరకు రానివ్వదు. అందుకని పిల్లలప్పటి నుంచి విడివిడిగా పెంచాలి. టానిక్కు సీసాలు కడిగి, మూతికి పలచటి గుడ్డ కట్టి, ఒక్కోదాంట్లో ఒక్కోదాన్ని ఉంచి, మా ఇంటి ముందు గదే అయిన కొట్లో అల్మారా మీద వరసగా పెట్టాను. రోజూ ఒక్కోదానికి ఒక ఈగ. కుబుసం విడిచిన రోజు దాని సీసా మీద రాసిపెట్టేదాన్ని. అమ్మ ఆ అల్మారాకు ఆడపిల్లల హాస్టలని పేరు పెట్టింది. చుట్టాలొస్తే, "మా అమ్మాయి హాస్టలు వార్డెన్," అని పరిచయం చేసేది.

ఆఖరి కుబుసం విడిచి పెద్దదైన ఆడదాన్ని ఒక ఊరగాయ సీసాలోకి మార్చి, గోడ మీద పట్టిన మగదాన్ని అందులో వదిలేదాన్ని. నోట్‌బుక్కులో మూడు గడులు గీసుకున్నాను: ఒప్పుకుంది, తరిమింది, తినేసింది. జతకట్టేదాకా ఆగితే ఆడవి మళ్ళీ పనికిరావు, మగవి ప్రాణాలతో మిగులుతాయన్న నమ్మకం లేదు. అందుకని మగది దగ్గరకొచ్చి ముందు కాలితో తాకినా ఆడది కదలకుండా నిలబడితే, ఒప్పుకుందని రాసి మగదాన్ని కాగితంతో ఎత్తి తీసేసేదాన్ని. ఆ వానాకాలమంతా అదే పని. పత్తి పూత నుంచి కాయకు వచ్చేసరికి నా ఒప్పుకుంది గడి పేజీల కొద్దీ నిండింది. నాకు నేనే శాస్త్రవేత్తలా కనబడ్డాను.

పత్తి మొదటి తీత అవుతుండగా నాకొక సంబంధం వచ్చింది. వాళ్ళది కనిగిరి వైపు మెట్ట ఊరు. అబ్బాయి మాత్రం మాకు పది మైళ్ళ దూరంలో కొట్టు పెట్టుకున్నాడు. రైతులు మందు కొట్టే తైవాన్ పంపులు బాగుచేస్తాడు. నేనేమో చేలల్లో సాలీళ్ళు బతకాలని క్లాసులో గొంతు చించుకునేదాన్ని. వాటిని చంపే పంపు ఆగిపోతే తిరిగేలా చేసేది ఆయన. మంచి జోడీ కుదిరిందనుకుని నాలో నేనే నవ్వుకున్నాను.

మా ఇళ్ళల్లో పెళ్ళిచూపుల నాడు పిల్లను నోరు తెరిచి అడగరు. అడిగితే పిల్లకు ఇబ్బంది, కాదంటే వచ్చినవాళ్ళకు ఇబ్బంది. అందుకని ఒక గుర్తు పెట్టుకున్నారు. పిల్ల టీ తెచ్చి అందరికీ ఇస్తుంది. తాగాక ఖాళీ గ్లాసులు కూడా పిల్లే వచ్చి తీసుకెళితే ఒప్పుకున్నట్టు. ఆమె బదులు తల్లో, మేనత్తో వచ్చి తీస్తే కాదన్నట్టు. ఎవరూ నొచ్చుకోకుండా లేచి సలాం చెప్పుకుని వెళ్ళిపోతారు. పైకి చూస్తే ఎంతో మర్యాద.

అంతకు ముందు మూడు సంబంధాలకు నా బదులు అమ్మే గ్లాసులు తీసింది. నాకు ముప్పై ఒకటి నడుస్తోంది. ఆ రోజు నేను తలుపు వెనక నిలబడి చూస్తే, నాన్న మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని తలుపు వంకే చూస్తున్నాడు. మేనత్త నా వీపు మీద చెయ్యేసి ఉంది. వచ్చిన అబ్బాయి ఒక్క మాట మాట్లాడలేదు, నన్ను కూడా సరిగ్గా చూడలేదు. ఆయన చూపంతా అల్మారా మీద సీసాల వైపే ఉంది. ఆ మనిషి మంచివాడో కాదో నాకు తెలియదు. నాకు తెలిసింది నాన్న మొహం ఒక్కటే. వెళ్ళి గ్లాసులు తీసుకొచ్చాను. వంటింట్లోకి వచ్చేసరికి మేనత్త నన్ను వాటేసుకుని, "ఒప్పుకుంది, ఒప్పుకుంది," అని ఇల్లెక్కి కూసినంత పని చేసింది. వేసవి మొదట్లో నిఖా అనుకున్నారు.

మిరపకాయ కల్లాల్లో ఎండుతున్న రోజుల్లో నా నోట్‌బుక్కు పట్టుకుని గైడు మేడం దగ్గరకు వెళ్ళాను. మెచ్చుకుంటారని కొత్త చీర కూడా కట్టుకున్నాను. ఆవిడ పేజీలు తిప్పుతూ ఒక చోట వేలు పెట్టారు.

"ఒప్పుకుంది, ఒప్పుకుంది, ఒప్పుకుంది. ఏమ్మా, ఒప్పుకుందని నీకెట్లా తెలుసు?"

"కదలకుండా నిలబడిందండి."

"పిల్లి కూడా ఎలక ముందు కదలకుండానే కూర్చుంటుంది. అది ఒప్పుకున్నట్టా?"

ఆవిడ ఇంకో పేజీ తిప్పారు.

"పైగా సీసాలో పెట్టావు. ఎటు పోతుందది? పోవడానికి దారి ఇవ్వకుండా, అది పోలేదు కాబట్టి ఒప్పుకుందంటే ఎవరొప్పుకుంటారు?"

"మరి దాన్నేమనాలండి?"

"అది నువ్వు చూసి చెప్పాలి. నన్నడిగితే ఎట్లా?"

తిరుగు బస్సులో ఆవిణ్ణి మనసులో తిట్టని తిట్టు లేదు. ఒక పంట కాలమంతా బూడిదలో పోసిన పన్నీరయింది. రోడ్డుకు రెండు పక్కలా కల్లాలు ఎర్రగా పరిచి ఉన్నాయి, ఘాటుకు బస్సులో అందరూ దగ్గుతున్నారు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగితే మిరప ఘాటని పక్కనామె కొంగు ఇచ్చింది. కాదని చెప్పలేదు. ఇల్లు చేరేసరికి కోపం దిగి, ఆవిడ అన్నది నిజమేనని అర్థమైంది. నిజమని తెలిశాక నాకు ఇంకాస్త కోపమొచ్చింది.

మర్నాటి నుంచి మళ్ళీ మొదలు. నాన్న పరుపు గుడ్డ కత్తిరించే పొడుగాటి బల్ల అడిగి తీసుకున్నాను. సీసా లేదు, మూత లేదు. బల్లకు ఒక చివర ఎండిన పత్తి కట్టె నిలబెట్టాను. ఆడది కావాలంటే కట్టె ఎక్కి గోడ మీదికి దూకి వెళ్ళిపోవచ్చు. చాలా వెళ్ళిపోయాయి. నేను కష్టపడి పెంచిన ఆడపిల్లలు నా కళ్ళముందే హాస్టలు ఎగ్గొట్టి గోడెక్కాయి. రెండు మాత్రం ఎటు పోయాయో తెలియలేదు. ఎవరి దిండులోనైనా కుట్టుకుపోయి ఉంటాయేమోనని నాన్న వారం రోజులు బెంగపడ్డాడు.

కానీ ఆ బల్ల మీద కనబడింది సీసాలో ఎన్నడూ కనబడలేదు. సీసాలో రాయిలా నిలబడ్డ ఆడవే బల్ల మీద మగదాని ఆట ఒక నిమిషం చూసి, విసుగొచ్చినట్టు తిరిగి కట్టెక్కేవి. నేను ఒప్పుకుందని రాసుకున్నవే అవన్నీ. ఒక రోజు ఒకే ఆడదాని ముందు రెండు మగవాటిని వదిలాను. ఒకటి లావుది, చారలు నిగనిగలాడుతున్నాయి. ఇంకోటి చిన్నది, దానికి ఏడు కాళ్ళే ఉన్నాయి. ముందు రెండూ కాళ్ళు చాపుకుని మొహానికి మొహం పెట్టి తోసుకున్నాయి. లావుది గెలిచింది. గెలిచి ఆడదాని ముందు చెలరేగిపోయి ఆడింది. ఆడది దాన్ని చూసి చూసి, కట్టె చివరిదాకా నడిచి అక్కడ ఆగింది. లావుది విసుగొచ్చి బల్ల దిగిపోయింది. అప్పుడు ఏడు కాళ్ళది మెల్లగా మొదలుపెట్టింది. నాలుగడుగులు ఆడడం, ఆగడం. ఆడది మీదికి ఉరికినట్టు కదిలితే వెనక్కి తగ్గడం, మళ్ళీ ఆడడం. గోడ జానెడు దూరంలో ఉంది. ఆడది గోడ మీదికి దూకలేదు. వెనక్కి తిరిగి, కట్టె దిగి, మగదాని వైపే వచ్చింది. వచ్చి కాళ్ళు దగ్గరకు ముడుచుకుని ఒళ్ళు కిందికి దించింది. మగది పైకెక్కి, మూతి పక్కనున్న చిన్న చేతులతో తాను ఇవ్వవలసింది ఇచ్చింది. ఆ ఆడది ఎందుకు ఏడు కాళ్ళదాన్ని ఎంచుకుందో ఇవాళ్టికీ చెప్పలేను. ఎంచుకుందని మాత్రం ఒట్టేసి చెప్పగలను.

ఆ సాయంత్రం పాత నోట్‌బుక్కు తీసి, ఒప్పుకుంది అన్న ప్రతి చోటా కొట్టేసి కదలలేదు అని రాశాను. చాలా పేజీలు. రాస్తూ రాస్తూ ఉండగా చెయ్యి ఆగిపోయింది. నాకు పెళ్ళి కుదిరి అప్పటికి మూడు నెలలు. గ్లాసులు తీసుకెళ్ళినదాన్ని నేనే. నేను ఒప్పుకున్నానా, కదలలేదా?

నాన్న యంత్రం ఆపి చేతులు కడుక్కుంటున్నాడు. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"నాన్నా, ఆ సంబంధానికి నేను ఒప్పుకోలేదు. కాదని కూడా అనలేదు. నాకే తెలియదు."

నాన్న చేతులు తుడుచుకోవడం మర్చిపోయాడు. "గ్లాసులు నువ్వే తీశావు కదమ్మా. మాట ఇచ్చేశాం."

"మాట నువ్విచ్చావు. నీ మొహం చూసి నేను గ్లాసులు తీశాను."

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కోపమో, బాధో తెలియలేదు. మేనత్త వచ్చి, "మౌనం అర్ధాంగీకారమని ఊరికే అన్నారా? ఇప్పుడు కొత్తగా నోరొచ్చిందా దీనికి?" అని కేకలేసింది. మిగతా సగం అంగీకారం ఎవరిచ్చారత్తా అని అడుగుదామనుకుని, నాన్న మొహం చూసి ఊరుకున్నాను. నాకు భయంగా ఉంది. పెళ్ళి చెడితే నాన్న మాట పోతుంది. పెళ్ళి జరిగితే నేను ఆ సీసాలోదాన్నవుతాను. మూడో రోజు పొద్దున నాన్న ఫోను తీసి, పెద్దవాళ్ళకు కాకుండా నేరుగా ఆ అబ్బాయికే చేశాడు. "బాబూ, మా అమ్మాయి నీతో మాట్లాడాలంటోంది. వీలైతే ఒకసారి రా," అన్నాడు. అట్లా ఫోను చేయడం మా ఇంటా వంటా లేదు. ఆ ఒక్క ఫోనుకు నాన్న మీద నాకెంత ప్రేమ కలిగిందో చెప్పలేను.

ఆదివారం మధ్యాహ్నం ఆయన వచ్చాడు. గోళ్ళల్లో గ్రీజు ఇంకా పోలేదు. చేతిలో గుడ్డ కట్టిన సీసా ఒకటుంది. అందులో బతికున్న ఈగలు.

"కొట్లో బెల్లం ముక్క పెట్టి పట్టానండి," అన్నాడు. "ఆ రోజు అల్మారా మీద చూశాను. వాటికేం పెడతారో అడుగుదామనుకున్నా. మాట్లాడమాకని మా పెద్దమ్మ దారి పొడుగునా చెప్పి తీసుకొచ్చింది."

మగ సాలీడు ఆడదాని కోసం ఈగను పట్టి, పట్టులో చుట్టి తెచ్చే జాతులున్నాయని నేను పాఠం చెబుతుంటాను. మనుషుల్లో చూడడం అదే మొదలు. నవ్వు ఆపుకోలేకపోయాను. ఎందుకు నవ్వుతున్నానో తెలియక ఆయనా నవ్వాడు. లోపలికి రాకుండా గుమ్మంలోనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. నాన్న కొంచెం దూరంలో దిండు కుడుతూ, కుట్టిందే మళ్ళీ కుడుతున్నాడు.

"చేలల్లో పంపు పని చేస్తుందో లేదో చూడ్డానికెళితే పెద్ద గూళ్ళు కనబడతాయండి," అన్నాడాయన. "మధ్యలో ఇంత లావుది, అంచున చీమంతది. తల్లీ పిల్లా అనుకునేవాణ్ణి."

"మొగుడూ పెళ్ళామూ."

"ఆ చిన్నది మొగుడా?"

"అవును. ఆవిడ ఏదో ఒకటి పట్టి తినేదాకా అక్కడే కాసుకుని ఉంటాడు. నోరు ఖాళీగా లేనప్పుడైతే కాస్త క్షేమం."

"మందు కొడితే ఇద్దరూ పోతారు కదండీ," అన్నాడు కాసేపటికి. "పంపు బాగుచేసి ఇచ్చేటప్పుడు, గట్ల వెంబడి కొట్టకండయ్యా అని చెబుతుంటాను. ఒకళ్ళిద్దరు వింటారు."

ఆ మాట నన్ను మెప్పించడానికి అన్నాడేమోనని అనుమానం వచ్చింది. వారం తర్వాత ఆయన కొట్టుకు వచ్చే రైతునొకాయనను కదిపితే నిజమేనని తేలింది. ఈగపులి కూడా ఒకసారి చూసి నమ్మదు కదా. ఆ రోజు మాత్రం బల్ల మీద ఒక జతను వదిలి చూపించాను. ఆయన మోకాళ్ళ మీద వంగి చూశాడు. మగది ఆడుతోంది.

"ఆడదానికి ఇష్టం లేకపోతే ఇదేం చేస్తుందండి?"

"తెలివుంటే వెళ్ళిపోతుంది."

"తెలివి లేకపోతే?"

"భోజనమవుతుంది."

ఆయన నవ్వలేదు. బల్ల వంకే చూస్తూ, "ఆ రోజు మీరు గ్లాసులు తీసుకెళ్ళేటప్పుడు అవి ఒకదానికొకటి తగిలి చప్పుడయ్యాయండి. ఇష్టపడి తీశారో, భయపడి తీశారో నాకు తెలియలేదు. మా పెద్దమ్మనడిగితే తీసిందిగా, ఇంకేం కావాలంది. అప్పటి నుంచి నాకదే ఆలోచన," అన్నాడు. అని, తాను గుమ్మానికి అడ్డంగా కూర్చున్నానని అప్పుడే గమనించినట్టు, స్టూలు ఎత్తి గోడ పక్కకు జరుపుకున్నాడు. "కాదనాలనుంటే చెప్పండి. నాకే ఇష్టం లేదని మా వాళ్ళతో నేను చెబుతాను. మాట మీ నాన్నగారి మీదికి రాదు."

నాన్న వేలికి సూది గుచ్చుకుంది. చిన్నగా అబ్బా అన్నాడు. నేను ఆలోచించుకుని చెబుతానన్నాను. ఆయన సరేనని ఈగల సీసా అల్మారా మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఇంకో మూడు ఆదివారాలు వచ్చాడు, ప్రతిసారీ ఈగలతోనే. ఏమాలోచించారని ఒక్కసారీ అడగలేదు. నాలుగో ఆదివారం ఆయన ఎప్పుడొస్తాడా అని నేనే వీధిలోకి రెండుసార్లు వెళ్ళి చూశాను. నాకు తెలిసిపోయింది.

ఆ సాయంత్రం నాన్నతో, "నాకిష్టమే," అన్నాను.

"నా కోసమా?"

"కాదు."

"నిజం చెప్పు. నా కోసమైతే వద్దు."

"నిజమే నాన్నా."

తలూపాడు కానీ నమ్మలేదు. ఒకసారి మోసపోయాడు కదా, ఎట్లా నమ్ముతాడు? పెళ్ళి పనులు జరుగుతున్నన్ని రోజులూ నన్నే గమనించేవాడు. అన్నం తక్కువ తింటే అడిగేవాడు, ఊరికే కిటికీలోంచి చూస్తే అడిగేవాడు. నా పెళ్ళి పరుపు మూడుసార్లు కుట్టి మూడుసార్లు విప్పాడు. అమ్మ ఎప్పట్లా ఏమీ అనలేదు. వండింది, సర్దింది, చుట్టాలకు పక్కలు పరిచింది.

నిఖా రోజు మగవాళ్ళు పందిట్లో, మేము లోపలి గదిలో. మధ్యలో ఒక తెర. పెళ్ళికూతురి మాట అడిగి పందిట్లోకి చేర్చే వకీలుగా మా బంధువుల్లో ఒక పెద్దాయన, ఇద్దరు సాక్షులను వెంటబెట్టుకుని లోపలికి వచ్చారు. పెళ్ళికూతురును మూడుసార్లు అడగాలి. మామూలుగా పిల్ల తలవంచుకుని గొణుగుతుంది, లేదంటే అదీ ఉండదు. పక్కనున్న ఆడవాళ్ళు ఒప్పుకుందిలెండి అంటారు, వాళ్ళు వెళ్ళిపోతారు. పెద్దాయన వరుడు ఫలానా, అతను నాకివ్వవలసిన మహరు సొమ్ము ఇంత అని చెప్పి, "ఒప్పుకుంటున్నావా అమ్మా?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే మేనత్త, "ఒప్పుకుంది లెండి," అంది. సాక్షులు అప్పుడే వెనక్కి తిరిగారు.

"ఆగండి," అన్నాను.

గొంతు నేననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. గదిలో గాజుల చప్పుడు ఆగిపోయింది. తెర అవతల మాటలు ఆగిపోయాయి. అవతల నాన్న కూర్చుని ఉన్నాడని నాకు తెలుసు. మేనత్త చెయ్యి నా భుజం మీద బిగుసుకుంది. పెద్దాయన మాత్రం తొణకలేదు. నా ఎదురుగా చాప మీద కూర్చుని, "చెప్పమ్మా, నీ నోటితో వినడానికే వచ్చాం. ఏ మాటైనా ఫరవాలేదు," అన్నారు.

"అడిగింది నన్ను కదండీ, అందుకని. మళ్ళీ అడగండి."

అడిగారు. "ఒప్పుకున్నాను," అన్నాను. మూడుసార్లు అడిగారు, మూడుసార్లూ పందిట్లో చివరి వరసదాకా వినబడేలా చెప్పాను. అవతల ఎవరో గట్టిగా నవ్వారు. ఆ తర్వాత అందరూ నవ్వారు. మేనత్త ముందు నెత్తి కొట్టుకుంది, తర్వాత ఆమె కూడా నవ్వింది.

భోజనాలయ్యాక నాన్న లోపలికి వచ్చాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నా పక్కన చాప మీద కూలబడి, "ఆగండి అన్నావు చూడు, నా ప్రాణం పోయిందనుకో," అన్నాడు. గది మూల అమ్మ తమలపాకులు తుడిచి పళ్ళెంలో పెడుతోంది. ఆమె వంక చూడకుండా నాతో అన్నాడు. "మా నిఖా నాడు నేను కూడా అట్లాగే బయట కూర్చున్నాను. మీ మేనత్తే వచ్చి ఒప్పుకుందని చెప్పింది. మీ అమ్మ గొంతు నాకు వినబడలేదు. ముప్పై నాలుగేళ్ళయింది. అడగాలని కూడా తోచలేదు."

అమ్మ ఆకులు తుడవడం ఆపలేదు. "ఇప్పుడడగండి," అంది.

నాన్న నా వంక చూశాడు. అటు తిరిగి, సిగ్గుపడుతూ, "ఒప్పుకున్నావా?" అన్నాడు.

"ఆ రోజైతే లేదండి. పద్దెనిమిదేళ్ళ పిల్లను, నిద్రొస్తోంది, భయమేస్తోంది. నన్నెవరూ అడగలేదు." అమ్మ చేతిలో ఆకు పళ్ళెంలో పెట్టి తలెత్తి ఆయన్ని చూసింది. "ఇప్పుడైతే ఒప్పుకున్నాను."

నాన్న మళ్ళీ అడిగాడు. మూడుసార్లు అడిగాడు. అమ్మ మూడుసార్లూ చెప్పింది.